చెవి దగ్గరికి వచ్చే చేయి

నా చేతిరాత బాగుండదు. అక్షరాల్లో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఐదో తరగతి వరకే చదివాను. అందరం బాపు అని పిలిచే మా ఎమ్మెల్యే పోయారన్న మాట విన్నప్పుడు నేను దొడ్లో బర్రెకు కుడితి పెడుతున్నాను. పక్కింటి అవ్వ గోడ మీదుగా తల పెట్టి, "బాపు ఇగ లేడంట బిడ్డా, దవాఖానలనే పానం వోయిందంట" అన్నది. బర్రె తాగుతూనే ఉంది. చేవెళ్లలో సంతాప సభకు వచ్చేవారికి పంచే చిన్న పుస్తకం కోసం ఒక పేజీ రాయమని ఆయన కొడుకు అడిగితే కాదనలేకపోయాను.

బాపుది మొయినాబాద్ దగ్గర మా ఊరే. నేను అక్కడ వార్డు మెంబరును. ఆ వార్డు ఆడవాళ్లకని తేలితే మా ఇంటాయన నా పేరు పెట్టారు. గెలిచింది నేను, మీటింగులకు పోయేది ఆయన. ఊళ్లో ఎవరికీ అది వింతగా తోచలేదు.

హైటెక్ సిటీ వచ్చినాక మా వైపు పొలాలన్నీ ఫారంహౌజులు అవుతున్న రోజులవి. పట్నం సేటు ఒకరు ఊరి పక్క భూమి కొన్నారు. శ్మశానానికి పోయే తొవ్వ ఆ భూమి నడుమ నుంచి పోతుంది. దాన్ని మూసి కంచె వేసుకుంటానని, బదులుగా పెద్ద రోడ్డు మీదుగా శ్మశానానికి చుట్టు తిరిగి పోయే తారు రోడ్డు వేయిస్తానని ఆయన అడిగారు. పంచాయతీలో అందరూ సరేనన్నారు. మా ఇంటాయన కూడా, "మా వార్డు మెంబరుకు సమ్మతమే" అన్నారట.

ఆ మీటింగుకు వచ్చిన బాపు అడిగారట: "మెంబరెవరు?"

"నేనే సార్. అంటే... మా ఇంటామె."

"నీకు సమ్మతమా, ఆమెకు సమ్మతమా?"

"ఆమె మాట్లాడది సార్. సిగ్గు."

"మాట్లాడకపోతె మానె. వచ్చే మీటింగు దాక నా ఎంబడి ఉండి చూస్తది. అప్పుడు ఆమెనే చెప్తది. అందాక కంచె ఆపుండ్రి."

అట్లా నేను బాపు వెంట పని నేర్చుకోవడానికి పోయాను. మొదటి రోజు తెల్లవారగానే వాళ్లింటికి పోయి, తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ఆడవాళ్లతో కూర్చుని చాటలో బియ్యం ఏరడం మొదలుపెట్టాను. ఎమ్మెల్యే ఇంట్లో ఆడమనిషికి ఇంకేం పని ఉంటుందనుకున్నాను. చాలాసేపటికి బాపు గడపలోకి వచ్చి నిలబడ్డారు.

"మెంబర్ సాబ్, నిన్ను బియ్యం ఏరనీకి పిలిచిన్నా? బయట మంది కూసున్నరు, రా."

వంటింట్లో అందరూ నవ్వారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన వెనుక నడిచాను.

వాకిట్లో బెంచీల మీద జనం. పింఛను ఆగిందని, బోరు ఎండిందని, అల్లుడు కొడుతున్నాడని వచ్చేవారు. ఎవరైనా దరఖాస్తు చాపితే, "కాయితం తర్వాత. ముందుగాల నోటితోని చెప్పు" అనేవారు. వాళ్లు తల దించుకుని గొణిగితే కుడిచేయి డొప్పలా చెవి దగ్గర పెట్టి, ముందుకు వంగేవారు. "ఏమన్నవ్ బిడ్డా? వినవడలే. వెనుక కూసున్నోళ్లకు గూడ వినవడాలె." వచ్చినవాళ్లు మళ్లీ చెప్పేవారు. ఇంకోసారి చెప్పేవారు. చివరికి మాట గట్టిపడేది. గట్టిగా చెప్పినాక ఏడుపు ఆగిపోవడం నేను చాలామందిలో చూశాను.

బాపుకు చెవుడనే అనుకున్నాను. ఒకరోజు ఆయన భార్యతో, "చెవులకు మిషిను పెట్టించరాదా అవ్వా?" అన్నాను. అవ్వ పడీపడీ నవ్వింది. "ఏం చెవుడు! దొడ్ల బర్రె తాడు తెంపుకుంటె అందరికంటె ముందు లేస్తడు. మెల్లగ మాట్లాడేటోళ్లను చూస్తెనే ఆయనకు చెవుడొస్తది."

ఒకసారి పాస్ ఇప్పించి అసెంబ్లీకి కూడా తీసుకుపోయారు. పైన కూర్చుని చూశాను. వెనుక వరుసలో ఆయన పొద్దంతా చేయి ఎత్తుతూ, దించుతూ ఉన్నారు. షాబాద్ బస్సు సంగతి అడగడానికి లేచి నాలుగు మాటలు అనేసరికి మైకు ఆగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయనే అన్నారు: "ఆడ మైకు బంద్ జేస్తరు బిడ్డా. ఊర్ల మనకు మైకే లేదు. బంద్ జేసేటోడు ఎవడున్నడు?"

మీటింగు రోజు వచ్చింది. ఎమ్మార్వో, సేటు మనిషి, ఊరి పెద్దలు కుర్చీల్లో ఉన్నారు. తారు రోడ్డు ఊరికి లాభమని అందరూ అన్నారు. బాపు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ముందు రోజు నేను బతిమాలాను, "మీరే చెప్పుండ్రి బాపూ" అని. "నేను చెప్తె నేనున్నన్ని దినాలే. నువ్వు చెప్తె నేను పోయినంక గూడ చెప్తవ్" అన్నారు.

ఇక లేచి నిలబడ్డాను. "పాడె ఏడ దింపాలె?" అన్నాను.

బాపు చేయి చెవి దగ్గరికి వచ్చింది. "ఏమన్నవ్ బిడ్డా? వినవడలే."

ఆయనకు బాగా వినపడిందని నాకు తెలుసు. గొంతు పెంచాను. "పాత తొవ్వల దింపుడు కల్లం ఉన్నది. మా అత్తను ఆడ్నే దింపినం. పానం మళ్లొస్తదేమోనని చెవుల పిలిచినం. పెద్ద రోడ్డు మీద లారీల నడుమ ఏడ దింపాలె? హారన్లల్ల పిలిస్తె ఎవలికి వినవడ్తది?"

ఒక ముసలాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నిజమే గదా. మా నాయినను గూడ ఆడ్నే దింపినం" అన్నాడు. ఆ తరువాత ఒక్కొక్కరికీ తమ తమ వాళ్లు యాదికొచ్చారు. సేటు మనిషి ఫోను పట్టుకుని బయటికి పోయాడు. చివరికి తొవ్వ తొవ్వగానే ఉండి, దానికి అటూ ఇటూ కంచె పడింది. ఇంటికి పోతుంటే మా ఇంటాయన, "ఇంత గొంతు ఏడ దాస్తివే?" అన్నారు. ఆ తరువాత మీటింగులకు నేనే పోతున్నాను.

బాపును ఆ తొవ్వనే తీసుకుపోయారు. రెండు కంచెల నడుమ జనం పట్టలేదు. దింపుడు కల్లం దగ్గర పాడె దింపారు. మా ఊళ్లో ఆడవాళ్లం అక్కడి వరకే పోతాం. కొడుకు వంగి చెవిలో పిలిచాడు. ఎంత మెల్లగా అంటే, పక్కనున్న మాకే సరిగా వినపడలేదు. నేను బాపు కుడిచేతి వైపే చూస్తూ నిలబడ్డాను. అంత మెల్లగా ఎవరు పిలిచినా చెవి దగ్గరికి వచ్చే చేయి, తెల్లబట్ట కింద కదలలేదు.

అచ్చు వేసినాక నా చేతిరాత కాగితాన్ని కాల్చేయండి. సభలో ఎవరైనా దీన్ని చదివితే మాత్రం గట్టిగా చదవండి. వెనుక కూర్చున్నవారికి కూడా వినపడాలి.