మేత బస్తాలో దాచిన రెండో తరగతి పుస్తకం

మా చిన్నప్పుడు... మేం ముగ్గురం బడికి పోలేదు. సూళ్లూరుపేటకు అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున రొయ్యల గుంటల మధ్య మా ఇల్లు. గుంటలకు కాపలా, మేత వేయడం నాయన పని. బడి చాలా దూరం... వానలు పడితే దారి మీద నీళ్లే. అందుకని ఇంటర్ దాకా చదివిన మా అమ్మే మాకు పంతులమ్మ.

వసారాలో ఈతచాప... ఈ చివర సుగుణక్క, ఐదో తరగతి. మధ్యలో మురళన్న, మూడు. ఆ చివర నేను, రెండు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ముగ్గురి పాఠాలూ వినేది. అక్క చదివేసిన పుస్తకాలు అన్నకు, అన్నవి నాకు. నా దాకా వచ్చేసరికి అట్టలు ఊడి, పసుపు మరకలు పడి ఉండేవి.

మా పెదనాయన వచ్చినప్పుడల్లా ఒకటే సణుగుడు. "ఇంట్లో చదువేంది? పిల్లకాయల బతుకులు చెడగొడతన్నావు" అని. అమ్మ నన్ను పిలిచి పుస్తకం చేతికిచ్చేది. నేను తడుముకోకుండా గడగడా చదివేసేదాన్ని. పెదనాయన తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు... అమ్మ మొహం వెలిగిపోయేది.

కానీ నాకు చదవడం రాదు.

నిజం... ఒక్క అక్షరం రాదు. అంతకు ముందు ఏడంతా అన్న గొంతెత్తి చదివిన పాఠాలు విని విని కంఠతా వచ్చేశాయి. కుందేలు బొమ్మ కనిపిస్తే కుందేలు పాఠం. పసుపు మరక రాగానే పేజీ తిప్పాలి. రాయమంటే పుస్తకంలోది చూసి ముగ్గు వేసినట్టు దించేసేదాన్ని. అదేదో తప్పని కూడా అప్పటికి తెలియదు నాకు.

ఆ ఏడే బడి పుస్తకాలు మారాయి. అక్కను ఆరో తరగతికి ఊళ్లో బడిలో వేయాలంటే కొత్తవే చదవాలన్నారు. "ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి చెప్పాలంటే నా తల తిరిగిపోద్ది. ముగ్గురికీ కొత్తవే తెండి" అంది అమ్మ. నాయన కట్ట మోసుకొచ్చాడు. అక్కా అన్నా వాసన చూసుకుంటూ గంతులేశారు...

నేను నా పుస్తకం తెరిచాను. మరకల్లేవు. తెలిసిన బొమ్మ ఒక్కటీ లేదు. అన్న ఎప్పుడూ చదవని పుస్తకం!

మొదటి రోజు కడుపునొప్పి అన్నాను. రెండో రోజు తలనొప్పి. మూడో రోజు చెప్పడానికి ఏ నొప్పీ మిగల్లేదు... వసారా మూల మూతి విప్పి ఉన్న రొయ్యల మేత బస్తాలో పుస్తకం కూరేశాను.

ఇల్లంతా వెతికారు. మురళన్నే పారేశాడని అమ్మ వాడి వీపు మీద రెండు వేసింది. వాడు ఏడుస్తున్నా నేను నోరు విప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మధ్యాహ్నం నాయన గుంట నుంచి వచ్చాడు. చేతిలో నా పుస్తకం, నిండా మేత పొడి!

"మేత చల్లతావుంటే చేతికి తగిలింది. నీదేనా బుజ్జమ్మా?" అన్నాడు. తిడతాడనుకున్నాను. పొడి దులిపి నా ఒళ్లో పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఏదీ, ఒక పాఠం చదువు. నేనూ వింటా."

నాయనకు చదువు రాదు. ఏదో పేజీ తీసి, వేలు పెట్టి, పాత కుందేలు పాఠం మొదలుపెట్టాను. ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పాను.

"అబ్బబ్బ, ఎంత బాగా చదివినావు తల్లీ!" అని నాయన మురిసిపోయాడు. తలెత్తి చూస్తే... గుమ్మంలో అమ్మ. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అంతా వినేసింది.

అమ్మ నాయనకు అన్నం పెట్టి గుంటకు పంపింది. ఆ కాసేపట్లో నేను పడ్డ భయం పగవాళ్లకు కూడా వద్దు. తర్వాత నన్ను చాప మీద కూర్చోబెట్టి, పుస్తకం తెరిచి, బొమ్మ మీద అరచెయ్యి మూసింది. "ఇప్పుడు చదువు."

దెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను... పడలేదు. కళ్లు తెరిస్తే అమ్మ నన్నే చూస్తోంది.

"ముగ్గుర్నీ చూసుకుంటా ఉండాననుకున్నా. నిన్ను చూడనే లేదు గదమే..." అంది. "మీ పెదనాయన చెప్పిందే నిజమా ఏంది?" అని గొణుక్కుంది. పాఠమంటే పిల్లలకే భయం అనుకునేదాన్ని నేను అప్పటిదాకా.

మర్నాటి నుంచి మొదటి పాఠం నాది. పొయ్యి వెలిగించకముందే చేటలో నూకలు పోసి, నా వేలు పట్టుకుని 'అ' దిద్దించింది. దసరాకల్లా కొత్త పుస్తకం నిజంగానే చదివాను. నాయనకు మాత్రం చివరిదాకా తెలియదు.

ఇప్పుడు నెల్లూరులో నా ఇద్దరు పిల్లలకూ ఇంట్లో నేనే చెబుతున్నాను. పోయిన నెల పుస్తకాలు మార్చాను. పెద్దది వారం రోజులు నానా తంటాలు పడింది. ఆరేళ్ల చిన్నోడు మాత్రం రెండో రోజుకే గడగడా చదివేశాడు! పొంగిపోయాను... నిన్న వాడి దిండు కింద నా ఫోన్ దొరికేదాకా. పేజీకి ఫోటో తీస్తే ఫోనే చదివి వినిపిస్తుందట, వీడు విని కంఠతా పట్టేస్తాడట.

వాడి ముందు పుస్తకం తెరిచాను. నా చెయ్యి దానంతటదే పోయి బొమ్మను మూసింది. వాడు తలెత్తి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు... ఇన్నాళ్లూ నేనూ చూడలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. అంతా విని, "కొట్టినావా?" అంది.

"లేదమ్మా."

"ఇంట్లో నూకలుండాయా?"

వంటిల్లంతా వెతికాను. నూకలు లేవు... చేటా లేదు. పొద్దున్నుంచి అపార్ట్‌మెంట్‌లో తలుపు తలుపూ తట్టి అడుగుతున్నాను. మీలో ఎవరింట్లోనైనా ఇంకా చేట ఉందా? దాంట్లో మీ వేలు పట్టి దిద్దించింది ఎవరు?