దొర కోడి

ఇప్పపూలు రాలే కాలం వచ్చిందంటే బాలమల్లును కట్టేసినా ఇంట్లో ఆగడు. లక్సెట్టిపేట దాటి గోదావరి వైపు పోతే అడవి అంచున ఉండే ఆ పల్లెలో అందరికీ ఈ సంగతి తెలుసు. తినే ముద్ద మధ్యలో లేచి వాకిట్లోకి వస్తాడు. చెవి ఒగ్గి వింటాడు. మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

"అన్నమన్న తిననియ్యదా గా కోడి? దాన్నే చేసుకోకపోయినవ్, నన్నెందుకు చేసుకున్నవ్?" అని భార్య లింగవ్వ దెప్పుతుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? అడవిలో పుంజు కూసిందంటే ఆ మనిషికి పెళ్ళాం పిలుపు వినబడదు.

అడవి కోళ్ళు పట్టడం తండ్రి నుంచి వచ్చిన పని. పెంపుడు పుంజును పొదల నడుమ గూటానికి కట్టి, చుట్టూ సన్నని ఉచ్చులు పాతుతాడు. ఆ ఎర పుంజును దీమం అంటారు. దీమం కూయగానే, నా జాగాలో ఎవడురా వీడు అని అడవి పుంజు మెడ ఈకలు విరుచుకుని కొట్లాటకు వస్తుంది, ఉచ్చులో కాలు పెడుతుంది. వినడానికి ఇంతే. కానీ ఆ పుంజు ఏ చెట్టు మీద పడుకుంటుందో, ఏ చెట్టు కింద గీరుకుంటుందో ముందే కనిపెట్టాలి కదా! దానికే కాళ్ళరిగిపోతాయి.

ఇక అసలు విచిత్రం వినండి. ఇన్ని కోళ్ళు పట్టినవాడు ఒక్కదాన్నీ రుచి చూడలేదు! పడ్డ ప్రతి పుంజూ కొండల్‌రావు దొర ఉండే కోటలాంటి గడికి పోవాల్సిందే. కూలీ లేదు, నాలీ లేదు, అంతా వెట్టి. ఊళ్ళో పిల్లలు కూడా దాన్ని అడవి కోడి అనరు, దొర కోడి అంటారు.

రజాకార్ల గడబిడలో దొర పట్నం పోయాడు. తర్వాత పోలీసు చర్య అయింది, నిజాం రాజ్యం పోయింది. ఇక వెట్టి లేదని ఎవరో జెండాలు పట్టుకొచ్చి చెప్పిపోయారు. గడి తలుపులు మాత్రం మూసే ఉన్నాయి. మళ్ళీ ఇప్పచెట్లు పూశాయి.

"గీయేడు పడ్డ కోడిని మనమే వండుకుందం," అంది లింగవ్వ.

"ఎవలన్న జూస్తే?"

"జూడనియ్యి. అడివేమన్న ఆయన నాటిండా?"

ఆ మాట విన్న దగ్గర్నుంచి బాలమల్లుకు నిలకడ పోయింది. తినాలని ఆశ, తింటే ఏమవుతుందోనని గుబులు. పొద్దుగూకే వేళ వాగు ఒడ్డున నిలబడి, రెక్కల చప్పుడు ఏ చెట్టు మీద ఆగిందో విన్నాడు. తెల్లారి ఆ చుట్టుపక్కల ఆకులు గీరిన జాడలు, రాలిన ఈకలు వెతికాడు. ఉచ్చులు ఒకచోట పాతి, మనసొప్పక పీకి, ఇంకోచోట పాతాడు. ఇంటికి వచ్చేవాడు, చెప్పులు విడవకుండానే తిరిగి పోయేవాడు. ఇంత ఆరాటం దొర కోసం పట్టినప్పుడు ఏనాడూ లేదు.

చివరికి ఒక పొద్దున పుంజు పడింది. ముసలి పుంజు, నిప్పుల్లాంటి మెడ, కాళ్ళ వెనక ముళ్ళలా పొడుగాటి కాటాలు. కాళ్ళు కట్టి చంకన పెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. నడిచి నడిచి ఎక్కడ తేలాడనుకున్నారు? గడి వెనక వాకిట్లో! అలవాటుపడ్డ కాళ్ళు అవే తీసుకుపోయాయి. "థూ, మీకు సిగ్గు లేదా?" అని తన కాళ్ళనే తిట్టుకున్నాడు. అప్పుడు చూశాడు, గడి తలుపులు తెరిచి ఉన్నాయి. వాకిట్లోనే దొర ఎక్కే గూడు కచ్చడం బండి, విప్పిన ఎడ్లు. దొర వచ్చేశాడు. పుంజును గొంగట్లో కప్పి ఇంటిదారి పట్టాడు.

లింగవ్వ కూర పొయ్యి మీద పెట్టింది. మసాలా వాసన వీధిలోకి పోతుందని అతను తలుపు మూశాడు. పొగకు దగ్గు వచ్చి తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"కాలుగాలిన పిల్లి లెక్క తిరుగకు, జర కూసో!"

అంతలో తలుపు కొట్టారు. గడిలో జీతం ఉండే దశరథం, లింగవ్వకు తమ్ముడి వరస.

"బావా, దొర ఒచ్చిండు. కోడి తెమ్మన్నడు," అని, ముక్కుపుటాలు ఎగరేసి పొయ్యి వైపు చూశాడు. "అక్కా, ఏం వండుతున్నవే?"

దశరథానికి అర్థమైంది. బాలమల్లు గోడ పట్టుకుని నిలబడ్డాడు. లింగవ్వే తేరుకుని పీట వాల్చింది.

"నువ్వు సుత గీ కోళ్ళను మోసుడేగని తిన్నది లేదు గదరా? కూసో."

దశరథం వీధిలోకి ఒకసారి చూసి, తలుపు మూసి కూర్చున్నాడు.

తిన్నారు. ఎంత నమిలినా ముక్క తెగదు! "గడిల వంటామె పెరుగుల నానబెడ్తది," అన్నాడు దశరథం, దవడ నొప్పి పెడుతుంటే. లింగవ్వకు నవ్వాగలేదు. బాలమల్లు నవ్వలేదు. కానీ ముక్క వదల్లేదు, ఎముక దాకా చీకాడు.

దశరథం చెయ్యి కడుక్కుని లేచాడు. "నువ్వు ఫికర్ జెయ్యకు బావా. దొరకలేదని చెప్త."

"చెప్పకు."

"మరేం జెప్పాలె?"

"దొరకలే అనుడు మా బాపు మాట," అన్నాడు బాలమల్లు. "ఒకయేడు నిజంగనే దొరకలే. గదే చెప్పిండు. గడి ముందట ఎండల వంగబెట్టి, ఈపు మీద బండ వెట్టిండ్రు. నేను జూసిన. మల్ల గా మాట మా ఇంట్ల నుంచి పోవద్దు. దొరికింది, వండుకొని తిన్నమని చెప్పు."

"అయ్యో, ఏమంటున్నవ్?" అంది లింగవ్వ. ఇన్నాళ్ళూ ఎగదోసిన మనిషికే ఇప్పుడు భయం పట్టుకుంది.

"అన్నది ఇన్నవు గదా."

దశరథం భుజం మీది తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. తలుపు తీశాడు. గడప మీద వెనక్కి తిరిగాడు.

"ముగ్గురం తిన్నమని చెప్త," అని బయటికి నడిచాడు.