పెన్సిల్ గీత, ఎర్ర చుక్కలు

మా ల్యాబ్ సార్ పోయారని నవంబరులో ఒక మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది నల్లగొండలో మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ అటెండర్. "సార్ పోయిండ్రమ్మా. కిడ్నీలు ఖరాబైనయంట. మాకెవలికి చెప్పలే" అన్నాడు. నేను హైదరాబాదులో ఆఫీసులో ఉన్నాను. ఎదురుగా తెరమీద వరసగా పాస్, పాస్ అని ఆకుపచ్చ అక్షరాలు పడుతున్నాయి. ఫోన్ పెట్టేశాక కూడా వాటినే చూస్తూ కూర్చున్నాను. రెండు రోజుల కిందటే, ఆదివారం, ఆయనతో మాట్లాడాను. బాగున్నారా సార్ అంటే బాగున్న బిడ్డా అన్నారు. "జనవరిల ఒకసారి రా. జర మాట్లాడేదున్నది" అని కూడా అన్నారు. తప్పకుండా సార్ అన్నాను. ఏం మాట్లాడాలని మాత్రం అడగలేదు.

నేను ఇవాళ తింటున్న తిండి ఆయన నేర్పిన పని పెట్టిందే. ఆ పనేమిటో చెబుతాను. కొన్ని చిప్పులుంటాయి. తయారై మన చేతికి వచ్చాక కూడా వాటి లోపలి అల్లికను మార్చి రాసుకోవచ్చు. మనం ఫోన్లో పంపే మాటలూ బొమ్మలూ పాకెట్లనే చిన్న ముక్కలుగా ప్రయాణం చేస్తాయి కదా, ఏ ముక్క ఎటు పోవాలో చెప్పే పెట్టెల్లో ఇలాంటి చిప్పులు వాడతారు. మనం రాసిన డిజైన్‌ని చిప్పులోకి ఎక్కించే ముందు, కంప్యూటర్లో దాని చుట్టూ ఒక ఉత్తుత్తి లోకం కట్టి, ఉత్తుత్తి పాకెట్లు పంపి, సరిగ్గా బయటికొస్తున్నాయో లేదో చూస్తాం. ఆ ఉత్తుత్తి లోకాన్ని టెస్ట్‌బెంచ్ అంటారు. మా బాపు దేవరకొండ దగ్గర మా ఊళ్లో కూలి చేసేవాడు. నా ఉద్యోగమేమిటో ఆయనకు చెప్పలేక నేను తిప్పలు పడుతుంటే, బాపు కాలేజీకి వచ్చిన రోజు సార్ ఒక్క ముక్కలో తేల్చారు. "మీ బిడ్డది తప్పులు పట్టే పని." బాపు నవ్వి, "గది చిన్నప్పటి సందే చేస్తాంది సార్" అన్నాడు.

సార్‌ది చౌటుప్పల్ అవతల మగ్గాలున్న ఊరు. వాళ్ల నాయిన చీర అంచు మొదలు కొంగు దాకా గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుకున్నాకే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచేవాడట. ముంచాక తప్పు తెలిస్తే చేసేదేమీ లేదు. సార్ ఆ కాగితాన్ని మా ల్యాబ్‌లోకి తెచ్చారు. సిమ్యులేషన్, అంటే ఆ ఉత్తుత్తి పరీక్ష, నడిపే ముందు, ఏ తీగ మీద సిగ్నల్ ఎప్పుడు లేవాలో ఎప్పుడు పడాలో పెన్సిల్‌తో గీయాలి. పరీక్ష ఎక్కడ అయిపోవాలో అక్కడ చిన్న నిలువు గీత పెట్టాలి. తర్వాత నడిపి, నిజంగా వచ్చింది ఎర్ర పెన్నుతో దాని మీదే గుర్తు పెట్టాలి. మాకు చచ్చేంత విసుగు. కంప్యూటరే గీసి చూపిస్తుంటే చేత్తో ఎందుకు సార్ అని నేనే అడిగాను. "ముందుగాల గియ్యి బిడ్డా. వచ్చినంక చూస్తే, ఏది వస్తే గదే కరెక్టంటది కన్ను" అన్నారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక పెన్సిల్, ఒక ఎర్ర పెన్ను ఉండేవి. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉండేవి. కాలేజీకంతటికీ ఉన్న ఒక్క చిప్పు బోర్డూ బీరువాలో ఉండేది, తాళం చెవి ఆయన దగ్గర. టెస్ట్‌బెంచ్‌లో నెగ్గనిదే తాళం తీసేవారు కాదు. "ఈడ తప్పితే సిగ్గు, ఆడ తప్పితే నష్టం" అనేవారు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులో నేను, చిప్పు నడుస్తుండగానే పాకెట్ల దారులు మార్చుకోగల డిజైన్ ఒకటి రాశాను. టెస్ట్‌బెంచ్ కూడా నేనే రాశాను. రెండు వందల పాకెట్లు పంపితే రెండు వందలూ సరిగ్గా వచ్చాయి. తాళం కోసం గంతులేసుకుంటూ పోయాను. సార్ అద్దాలు తుడుచుకుని కాగితం చూశారు. "దారి ఎప్పుడు మారుస్తున్నవు?" అన్నారు. పాకెట్లన్నీ వెళ్లిపోయాక సార్ అన్నాను. "సగం దాటిన పాకెట్ లోపలుండంగ మారిస్తే?"

ఆయనే కూర్చుని రెండు లైన్లు మార్చి నడిపారు. దారి మారింది. సగం పాకెట్ ఒక గుమ్మంలోంచి పోయింది, మిగతా సగం ఎటూ పోలేదు. దాని వెనక వచ్చినవన్నీ నిలబడిపోయాయి. జనం ఎక్కుతుండగానే కండక్టర్ బస్సు బోర్డు మార్చినట్టయింది. నాకు ఏడుపొచ్చింది. సార్ చాయ్ తెప్పించారు.

"నీకు తెల్వకనా, అడగకనా?" అన్నారు మెల్లగా.

తెలుసు. ఎక్కడో అనుమానం ఉంది. అడిగితే విరుగుతుందని భయపడి ఆ పరీక్ష రాయలేదు. అదే చెప్పాను.

"జవాబు తెలిసిన ప్రశ్న అడిగితే అది పరీక్ష గాదు బిడ్డా, పలకరింపు."

మూడు వారాలు పట్టింది దాన్ని సరిచేయడానికి. సార్ ఆ పరీక్షను పారేయలేదు. పాత బ్యాచ్‌ల తప్పులన్నీ ఒక ఫోల్డర్లో దాచి, కొత్తవాళ్ల డిజైన్లను వాటి మీదుగా నడిపించేవారు. నేను ఉద్యోగంలో చేరాక ఆదివారం ఫోన్లలో ఆ కబురే ఎక్కువ. "ఈ యేడు ముగ్గురు నీ పరీక్షల పడ్డరు. నీ తప్పు ఇంక పనిచేస్తాంది" అని నవ్వేవారు. నాకు ఏ జీతం పెంపూ అంత గర్వాన్ని ఇవ్వలేదు.

మొన్న మే నెలలో కాలేజీకి వెళ్లాను. రోడ్లు కాలిపోతున్నాయి. సార్ చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకున్నారు. ఆయన్ను నేను అలా ఎన్నడూ చూడలేదు. మొహం ఉబ్బి ఉంది. గ్లాసులో నీళ్లు రెండు గుక్కలే తాగి పక్కన పెట్టారు. అన్నీ చూశాను. ఇతరుల డిజైన్లలో వెంట్రుకంత తేడా పట్టి జీతం తీసుకునే దాన్ని, ఎలా చూడను? బాగున్నారా సార్ అన్నాను. బాగున్న బిడ్డా అన్నారు. నాకు ఆ జవాబే కావాలి. అది తీసుకుని బస్సెక్కాను.

దినాల రోజు వాళ్లింటికి వెళ్లాను. చుట్టాలు లేచి వెళ్లాక సార్ ఇంటామె నన్ను లోపలి గదిలోకి పిలిచింది. డయాలసిస్ సూదుల కోసం చేతికి ఆపరేషన్ చేశారనీ, ఎవరికీ కనబడొద్దని అంగీ చేతులు దించుకునేవాడనీ చెప్పింది. తర్వాత బీరువాలోంచి ఒక గ్రాఫ్ కాగితం తీసింది.

"దవాఖాన నుంచి వచ్చినప్పుడల్లా దీని మీద ఒక చుక్క పెట్టేటోడు. ఏందని అడిగితే పిల్లల లెక్క అనేటోడు. నువ్వైతే సమజ్ చేసుకుంటవని దాచిన. దీంట్ల ఏమున్నది బిడ్డా?"

అడుగున నెలల పేర్లు, పక్కన రక్తపరీక్ష అంకెలు. ఎడమ నుంచి పైకి ఎక్కుతూ ఒకే పట్టున గీసిన పెన్సిల్ గీత. నెలకొకటి చొప్పున దాని మీద ఎర్ర చుక్కలు. ఒక్కటీ గీత దాటలేదు. మే నెల చుక్క అన్నిటికంటే గట్టిగా కనబడింది నాకు.

ఏం లేదమ్మా, కాలేజీ కాగితం అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆమె పలకరించలేదు, అడిగింది.

"ఆయన రోగం లెక్క అమ్మా. ఎట్ల పెరుగుతదో ముందే గీసుకున్నడు. ఆయనకు అంతా ఎరుకే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకూ ఎరుకే బిడ్డా. ఎక్కువ దినాలుండడని డాక్టర్ నాకు వేరేగ పిలిచి చెప్పిండు. ఆయనకు తెల్వదనుకోని నేను, నాకు తెల్వదనుకోని ఆయన. ఎట్లున్నదని నేను అడుగుడు, మంచిగున్నదని ఆయన చెప్పుడు. గంతే మాట్లాడుకున్నం ఏడాదంతా."

నేను ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను. సార్ ముందు ఏడ్చినట్టే ఏడ్చాను. ఈసారి చాయ్ తెప్పించడానికి ఆయన లేరు.

ఆమె కాగితం వైపు వంగి చూసింది. అక్టోబరు దగ్గర ఎర్ర చుక్కలు ఆగిపోయాయి. పెన్సిల్ గీత మాత్రం ఇంకా మూడు గళ్లు పోయింది.

"గీ మూడు ఏంది మరి?"

"ఇంక మూడు నెలలుంటననుకున్నడమ్మా."

ఆమె నవంబరు గడి మీద వేలు పెట్టింది. తర్వాత డిసెంబరు మీద. జనవరి దగ్గర, ల్యాబ్‌లో మాచేత పెట్టించినట్టే, పెన్సిల్‌తో చిన్న నిలువు గీత ఉంది. ఆమె వేలు దాని మీద చాలాసేపు అలాగే ఉండిపోయింది.