ఎలుకలు ఖాళీ చేసిన షెడ్డు

మా ఆసుపత్రి వార్షిక నివేదిక పదకొండవ పుటలో ఒక వాక్యముంది: "ఎలుకల నిర్మూలన విషయమై తోటపనివారి అలసత్వం కారణంగా తోట షెడ్డు నేల గుల్లబారి, కట్టడం తొలగింపబడినది." ఈ వాక్యంలో నిజమన్నది చివరి రెండు మాటలకే పరిమితం. ముప్పై ఆరేళ్ళు ఆ ఆసుపత్రి రికార్డుల గదిలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఒక కాగితం ఎవరిని కాపాడడానికి పుట్టిందో దాని మొదటి పంక్తి చదవగానే చెప్పగలను. 'అలసత్వం' అన్న మాట ఎవరి నెత్తిన రుద్దారో, ఆ మనిషిని గురించి ఇంతవరకు ఎవరూ నాలుగు వాక్యాలు రాసిన పాపాన పోలేదు. అందుకే నేను రాస్తున్నాను. మెమోల నకళ్ళన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఆమెను అందరూ పాదులమ్మ అనేవారు. మొక్క మొదట్లో ఆమె తీసే పాదు గిన్నెతో అచ్చు తీసినట్టుండేది. పోసిన నీళ్ళు చుక్క కూడా గట్టు దాటేవి కావు. మాది ఊపిరితిత్తుల జబ్బువాళ్ళు నెలల తరబడి ఉండి కోలుకునే ఆసుపత్రి. భర్త అక్కడే తోటమాలిగా ఉండి, అక్కడే రోగియై, అక్కడే పోయాడు. ఆయన పార ఆమె చేతికి వచ్చింది. ఆ పారతో పాటు ఆయన తల్లి కూడా ఆమె వంతుకే వచ్చింది. ఆ ముసలావిడకు చూపు పోయి చాలా కాలమైంది. అత్తాకోడళ్ళిద్దరిదీ తోట షెడ్డుకు ఆనుకొని ఉన్న ఒంటి గదిలో కాపురం. షెడ్డుకూ గదికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ.

షెడ్డు రాతి గోడలది, పైన రేకులు, కింద గచ్చు. పారలు, గునపాలు, రబ్బరు గొట్టాలు, నీళ్ళ డబ్బాలు ఒక పక్క. విత్తనాల డబ్బాలు దూలానికి కట్టిన తీగల మీద వేలాడుతూ మరో పక్క. ప్రతి తీగకూ సగంలో ఒక గుండ్రటి రేకు ముక్క గుచ్చి ఉండేది. తీగ పట్టుకొని దిగివచ్చిన చిట్టెలుక ఆ రేకు మీద కాలు పెట్టగానే జారి కింద పడేది. ఊడ్చగా వచ్చిన తాలు గింజలను మాత్రం ఆమె ఒక మూకుడులో పోసి తలుపు పక్కన పెట్టేది. "పైన మనవి, కిందవి వాళ్ళవి" అనేది. ఇరవై ఏళ్ళు ఈ ఒప్పందం చెక్కుచెదరలేదు.

ముసలావిడకు పగలంతా ఆ గోడే కాలక్షేపం. చెవి ఆనించి కూర్చొని అవతలి సంగతులు ఇవతల ఏకరువు పెట్టేది. "వాళ్ళింట్లో ఇవాళ చుట్టాలొచ్చినట్టున్నారే అమ్మాయ్, ఒకటే ఉరుకులు" అనేది. "ఆ చిన్నది ఇంకా నడక నేర్చుకోలేదు, కాలీడుస్తోంది" అనేది. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఈ వార్తలు వినకుండా తప్పించుకోవడం సాధ్యమయ్యేది కాదు.

ఇంతలో కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. ఆయన సంకల్పం మంచిదేనని ఒప్పుకోవడం నా ధర్మం. కోలుకుంటున్న పన్నెండుమంది రోగులను రోజూ రెండు గంటలు ఆ షెడ్డులో కూర్చోబెట్టి, విత్తనాలు పొట్లాలు కట్టించాలన్నది ఆయన ఆలోచన. చేతికి పని ఉంటే మనసు జబ్బు మీదికి పోదన్నాడు. అయితే ఎలుకలున్న చోట రోగులు కూర్చోరాదు. కనుక మెమో పుట్టింది. పాదులమ్మకు చదువు రాదు గనుక నేనే చదివి వినిపించాను.

"ఏం రాశారన్నగారూ?"

"పదిహేను రోజుల్లో ఎలుకలన్నిటినీ నిర్మూలించి, ఆ విషయం లిఖితపూర్వకంగా తెలియజేయాలట."

"తెలియజేయాల్సింది నేనా, ఎలుకలా?"

విషం పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. విషం తిన్న ఎలుక విత్తనాల మీద చస్తే, అవే విత్తనాలను రేపు రోగులు చేత్తో పట్టుకోవాలి గదా అంది. తీగ బోను పెట్టి, పడ్డవాటిని పడ్డట్టే కాలువ వంతెన దాటించి ఇసుక దిబ్బల్లో వదిలి వచ్చేది. ఒకదాని చెవికి పుట్టుకతోనే నొక్కు ఉంది. దాన్ని మూడుసార్లు వదిలింది. మూడుసార్లూ అది మర్నాటికి షెడ్డులో హాజరు. గేటు దగ్గర కాపలా తాత ఆమెను ఆట పట్టించేవాడు.

"పాదులమ్మా, నీకంటే ముందే వచ్చేశారు వాళ్ళు. తెలిసినవాళ్ళే కదా అని గేటు తీశా."

"సంతకం పెట్టించుకున్నావా తాతా? లేకపోతే నీకూ మెమో వస్తుంది."

పన్నెండవ రోజున, పట్టపగలు పది గంటలకు, ముసలావిడ గోడ నుంచి చెవి తీసి కోడలిని పిలిచింది.

"అమ్మాయ్, అవతల ఎవరూ లేరే."

"పడుకున్నారేమోలే అత్తయ్యా."

"పడుకుంటే ఊపిరన్నా ఉంటుంది. ఊపిరి లేదు."

పాదులమ్మ షెడ్డు తలుపు తీసింది. మూకుడులోని గింజలు ముట్టకుండా ఉన్నాయి. మూలన గోనె పీచుతో అల్లుకున్న గూడు ఇంకా వెచ్చగానే ఉంది, పిల్లలు మాత్రం లేవు. కళ్ళు తెరవని పిల్లలను కూడా తల్లులు నోట కరచుకొని పోయాయన్నమాట. గడప బయట, మెత్తటి దుమ్ములో, వందలాది చిన్న పాదాల ముద్రలు. అన్నీ ఒకే దిక్కుకు, కాలువ వైపుకు. తిరిగి వచ్చిన ముద్ర ఒక్కటీ లేదు. నేను కూడా వెళ్ళి చూశాను. చదవడం వచ్చినవాడికి అంత స్పష్టమైన రాత నా రికార్డుల గదిలోనే లేదు.

సూపరింటెండెంటు మహా సంతోషించాడు. సోమవారం నుంచే పని మొదలన్నాడు.

"ఎలుకలు ఊరికే పోవండి సారూ," అంది పాదులమ్మ. "బోను పెట్టి తరిమినా పోనివాళ్ళు, పిల్లల్నెత్తుకొని పోయారంటే ఏదో ఉంది."

"మెమోకు భయపడ్డాయేమోనమ్మా" అన్నాడాయన. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. దాచి ఏం లాభం?

శుక్రవారం ఆమె ఒంటరిగా ఆ షెడ్డును పరీక్షించింది. చూసినవన్నీ నాతో చెప్పింది. ఎప్పుడూ గాలికి కొట్టుకునే తలుపు బిగుసుకుపోయి, భుజంతో తోస్తేగాని రాలేదట. లోపల మిట్టమధ్యాహ్నం, రేకులు కాలిపోతుండగా, కాళ్ళ దగ్గర మాత్రం చల్లటి గాలి, తడిసిన రాతి వాసన. చేతిలోంచి జారిన బఠానీ గింజ ఒకటి నేల మీద పడి, తనంతట తాను దొర్లుకుంటూ గది నడిమధ్యకు వెళ్ళి ఆగిందట. ఇంకొకటి వేరే మూల వేసింది. అదీ అక్కడికే పోయింది. వెంటనే వెనక్కి అడుగులో అడుగు వేసుకుంటూ గడప దాటి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది. గదిలోకి వచ్చేసరికి అత్తగారు గోడకు దూరంగా, మంచం అవతలి అంచున ముడుచుకొని కూర్చొని ఉంది.

"ఏమైందత్తయ్యా?"

"గోడవతల గది పెద్దదైందే అమ్మాయ్. నిన్నటికంటే చాలా పెద్దదైంది."

ఆ సాయంత్రమే పాదులమ్మ నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. "ఆ షెడ్డు కింద ఏముందో మీ కాగితాల్లో చూసి చెప్పండన్నగారూ. మీ దగ్గర లేనిది ఉండదు గదా."

ఉంది. పాత స్థలపటంలో, సరిగ్గా షెడ్డు ఉన్న చోట, ఒక వృత్తం గీసి 'బావి' అని రాసి ఉంది. దానికి జతగా ఒక ధ్రువపత్రం: సదరు బావి నలభై బండ్ల మట్టితో పూర్తిగా పూడ్చబడినది. కింద రెండు సంతకాలు. మొదటిది అప్పటి హెడ్ గుమాస్తాది. రెండవది, 'చూచితిని' అన్న మాట కింద, నాది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. "పెట్టవోయ్, అందరం పెట్టేదే" అని హెడ్ గుమాస్తా కాగితం తోయడం, నేను కలం తీయడం, ఎండకు బయటికి పోవడం ఎందుకని కుర్చీలోనే ఉండిపోవడం, అన్నీ గుర్తుకొచ్చాయి. ఆ బావిని నేను చూడలేదు. నలభై బండ్లను చూడలేదు. ఒక్క బండిని కూడా చూడలేదు.

శనాదివారాలు ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకొని కూర్చున్నాను. ఇతరుల సంతకాల మీద నేను చేసిన వ్యాఖ్యానాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ రెండు రోజులు నాకు పనికిరాలేదు.

సోమవారం ఉదయం పన్నెండుమంది రోగులు తలా ఒక ముక్కాలిపీట పట్టుకొని షెడ్డు ముందు వరుసగా నిలబడ్డారు. పాదులమ్మ గడపకు అడ్డంగా కూర్చొని ఉంది.

"తాళంచెవి ఇవ్వు" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇవ్వను సారూ."

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి. ఇంతమంది లోపలికి పోయాక పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు."

"తాతా, తాళం పగలగొట్టు."

కాపలా తాత సుత్తి వైపు చూశాడు, పాదులమ్మ వైపు చూశాడు. "నా నడుం పట్టేసింది సారూ" అన్నాడు. అంతవరకు ఆయన నడుముకు ఏ లోటూ లేదు.

అప్పుడు నేను వెళ్ళి పటమూ ధ్రువపత్రమూ సూపరింటెండెంటు చేతిలో పెట్టాను. ఆయన చదివాడు. ముఖం వెలిగింది.

"నలభై బండ్లతో పూడ్చారు, చూచితిని. ఈ సంతకం మీదే కదా?"

"నాదే."

"ఇంకేం మరి? బావి ఉండేది, పూడ్చేశారు. సాక్షి మీరు."

"నేను చూడలేదు" అన్నాను. "చూడకుండానే చూచితినని రాశాను."

ఆయన పటాన్ని మడిచి నా చేతికిచ్చాడు. "అయితే మీరు దాచిన ఆ బీరువాలన్నిటిలో నేను ఏ కాగితాన్ని నమ్మాలండీ?"

 

పాదులమ్మ లేచింది. తానే తాళం తీసి, భుజంతో తలుపు తోసి, గడప మీదే నిలబడి, చేయి చాచి అందిన బఠానీల డబ్బాను తీగ నుంచి తప్పించి నేల మీద కుమ్మరించింది. గింజలు నలుమూలలకూ చెదిరాయి. తరువాత, పిలిచినట్టుగా, అన్నీ వెనుదిరిగాయి. నాలుగు పక్కల నుంచీ దొర్లుకుంటూ గది నడుమకు చేరి, పచ్చటి చక్రంలా ఒక్క క్షణం ఆగి, గచ్చులోని సన్నని నెరియలోకి ఒకటొకటిగా దిగిపోసాగాయి. ముందు ఏ చప్పుడూ లేదు. ఆ తరువాత, ఎంతో లోతు నుంచి, నీళ్ళ మీద గింజ పడ్డ శబ్దం. మళ్ళీ ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. పన్నెండుమంది ఊపిరితిత్తుల రోగులు నిలబడి ఉన్నారక్కడ, ఒక్కరూ దగ్గలేదు. గింజలన్నీ అయిపోయాయి. నేల ఖాళీగా కనిపిస్తోంది. ఆ చప్పుడు మాత్రం ఇంకా కాసేపు వినబడుతూనే ఉంది.

రోగుల్లో ఒకడు తన ముక్కాలిపీటతో అందరికంటే ముందు వెనుదిరిగాడు. మిగిలినవాళ్ళు అతని వెంట నడిచారు. ఎవరూ పరుగెత్తలేదు.

షెడ్డును దూరం నుంచి తాళ్ళు కట్టి లాగించారు. గచ్చు కింద ఉన్నది చివికిపోయిన పలకలు, వాటి కింద చీకటి. నలభై బండ్ల మట్టిలో ఒక్క గంపెడు కూడా అందులో పడి ఉండదు. ఇంత జరిగాక కూడా, లిఖితపూర్వకమైన ఆదేశాన్ని ధిక్కరించిందన్న నేరం మీద పాదులమ్మను నెలాఖరుకు పదవీ విరమణ చేయించారు. గది ఖాళీ చేయమన్నారు. ఎలుకల మీదా ఆమె మీదా వాక్యం రాసుకున్నారు. నా సంతకం సంగతి ఆ నివేదికలో ఎక్కడా లేదు, ఎందుకంటే దానిని చెబితే ఆసుపత్రి పాత సంతకాలన్నీ చెప్పవలసి వస్తుంది.

బావి పూడ్చడం తొమ్మిది రోజులు సాగింది. ఈసారి లారీలు. పాదులమ్మ నన్ను వదలలేదు. "మీరు నిలబడండన్నగారూ. ఒక్కోటీ కళ్ళారా చూడండి." తొమ్మిది రోజులూ ఎండలో నిలబడ్డాను. అరవై మూడు లారీలు. నేల చదునైంది, దిమ్మిసతో కొట్టారు. కొత్త ధ్రువపత్రం నా ముందుకొచ్చింది. సాక్షి సంతకం కోసం ఖాళీ గీత.

"ఇప్పుడు పెట్టొచ్చా?" అని ఆమెనే అడిగాను.

"మూడు రోజులాగండి."

ఆ సాయంత్రం పూడ్చిన మట్టి మీద పిడికెడు గింజలు చల్లింది. మర్నాడు చూస్తే ఎన్ని చల్లిందో అన్నీ ఉన్నాయి, ఒక్క ఎలుకా వచ్చి ముట్టలేదు. రెండవనాడూ అంతే. మూడవనాడు అత్తగారిని చేయి పట్టుకొని తీసుకొచ్చింది. ముసలావిడ పూడ్చిన మట్టి అంచు దగ్గరికి వచ్చి, ఇంకొక్క అడుగు వేయబోయి, కాలు గాలిలోనే ఆపి, వెనక్కి తీసుకుంది.  ఇంటికి పోదాం పద అని కోడలి చేయి లాగింది.

నేను సంతకం పెట్టలేదు. వేరొకరెవరో పెట్టారు. ఆ నకలూ నా దగ్గరుంది.

ఉద్యోగంలో తన చివరి రోజున పాదులమ్మ ఎవరినీ అడగకుండా, ఏ మెమో లేకుండా, ఆ స్థలం చుట్టూ ముళ్ళ మొక్కలు నాటింది. ఎక్కడా సందు వదలకుండా, ఒక్కోదానికి పాదు తీసి, నీళ్ళు పోసి, పారను ఆఫీసులో అప్పజెప్పి వెళ్ళిపోయింది. ఆ కంచె ఇప్పుడు మనిషెత్తున ఉంది. రోగులు తోటంతా తిరుగుతారు, అక్కడికి వచ్చేసరికి దారి మళ్ళుతారు. లోపల గడ్డి పచ్చగా పెరిగింది, విత్తులు రాలి ఉంటాయి. వాటికోసం ఇంతవరకు ఒక్క ఎలుకా ఆ కంచె దాటి లోపలికి పోయిన జాడ లేదు.