సున్నా అడుగుల పంపు

మా టీచర్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను చోళపురంలో ఒక బోరు దగ్గర ఉన్నాను. మోటారు సగం లోతుకు దిగి ఉంది, పైపుల బరువంతా క్లాంపు మీద వేలాడుతోంది. ఫోన్‌లో ఆవిడ తమ్ముడు "అక్క పోయిందప్పా" అన్నాడు. వెనక ఆడవాళ్ళ ఏడుపు వినిపించింది. పొద్దున కాఫీ తాగి హాల్లో తన కుర్చీలో కూర్చున్నారట, కూర్చున్నట్టే పోయారట. సగంలో ఉన్న మోటారును వదిలేసి రావడం మా పనిలో కుదరదు. జారితే రైతు బోరే పోతుంది. దించి, బిగించి, నీళ్ళు పైకి వచ్చాక బండి ఎక్కాను. ఆ నీళ్ళు చూసి రైతు చేతులు జోడించాడు. నాకు మాత్రం నీళ్ళ చప్పుడు వినబుద్ధి కాలేదు.

ఆవిడ నాకు బడిలో సైన్సు చెప్పారు. మా ఎదురిల్లే. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి సంసారంతోనే ఉండేవారు. మాది అరవదేశంలోని తెలుగు వీధి. బడిలో అరవంలో తిట్టేవారు, గేటు దాటాక తెలుగులో బుజ్జగించేవారు. తిట్లన్నీ అరవంలోనే ఎందుకు టీచర్ అని ఒకసారి అడిగితే, "తెలుగు ఇంటి భాష, దాన్ని పాడు చేసుకోకూడదు" అన్నారు. ఆ మాట నిజం కాదు. ఇంట్లో తమ్ముణ్ణి తెలుగులోనే ఏకిపెట్టేవారు.

రిటైరయ్యాక ఆవిడ రామేశ్వరం పోయారు. గుడికి వెళ్ళారో లేదో గానీ, అద్దం అడుగున్న పడవలో కూర్చుని సముద్రం కిందికి చూసి వచ్చారు. రావడంతోటే హాల్లో పెద్ద అద్దపు తొట్టి పెట్టించారు. మా ఊరికి కనిపించేది కొండ, సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. అలాంటి ఊళ్ళో ఉప్పు పొట్లాలు తెప్పించి, శుభ్రమైన నీళ్ళలో కలిపి, ఇంట్లోనే సముద్రం చేసుకున్నారు. అందులో రాళ్ళు, రాళ్ళ మీద మెత్తని పగడపు జీవాలు, ఒక జత చారల చేపలు. ఊరంతా దాన్ని మీను తొట్టి అనేది. ఆ మాట అంటే ఆవిడకు కోపం. "మీనులు చుట్టపు చూపుకు వచ్చినాయి. ఊరివాళ్ళు రాళ్ళ మీద ఉండారు, వాళ్ళను చూడు" అనేవారు.

నాది పంపుల అంగడి. ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న, నీళ్ళు ఎన్ని అడుగులు ఎక్కాలి అని. ఎత్తు తెలిస్తే పంపు దానంతటదే తేలుతుంది. ఒకరోజు టీచర్ గొడుగు మడిచి పట్టుకుని లోపలికి వచ్చారు.

"నీళ్ళు ఎక్కించే పంపు వద్దప్పా. తిప్పే పంపు కావాల."

"ఎన్ని అడుగులు టీచర్?"

"సున్నా."

నాకు నవ్వొచ్చింది. సున్నా అడుగులకు పంపెందుకు, గరిటె చాలదా అన్నాను. "నీకు సైన్సు చెప్పినందుకు నన్ను నేనే కొట్టుకోవాల" అని ఆవిడా నవ్వారు. ఎయిర్ కూలర్లో వేసే పంపు ఒకటి చేతికిచ్చి పంపించాను.

వారం తిరక్కముందే పిలుపు వచ్చింది. పోయి చూస్తే, ఆ పంపు సన్నటి ధారగా చిమ్మి ఇసకలో గుంట చేసింది. ధారకు ఎదురుగా ఉన్న పగడం ఒక పక్క ముడుచుకుపోయి, ఇంకో పక్క తెరుచుకుని, పక్షవాతం వచ్చిన మొహంలా ఉంది. టీచర్ నన్ను కూర్చోబెట్టి, టేబుల్ ఫ్యాను నా మొహానికి తిప్పి, ఫుల్లులో పెట్టి, పళ్ళెం నిండా బొరుగులు పోసి ఇచ్చారు.

"తినప్పా."

బొరుగులు హాలంతా ఎగిరాయి. నా జుట్టులో, ఆవిడ కొంగులో, దేవుడి పటం మీద. వంటింట్లోంచి వచ్చిన ఆవిడ మరదలు తల పట్టుకుంది.

"అవి లేచి పోయి తినలేవు. తిండి వాటి నోటికాడికి రావాల, నోట్లో ఉండేది కొట్టుకొని పోకూడదు. ఇప్పుడు అర్థమైనాదా?" అన్నారు టీచర్.

అర్థమైంది. అంతవరకు నాకు పంపంటే బలం. ఎంత లోతునుంచి లాగుతుంది, ఎంత ఎత్తుకు తోస్తుంది, అంతే. నీళ్ళను ఎక్కడికీ తీసుకుపోకుండా ఉన్నచోటే కదిలించడానికి కూడా ఒక పంపుంటుందని, దాన్ని ఎంచుకోవడం బోరు మోటారు ఎంచుకోవడంకన్నా కష్టమని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. సన్నని గొట్టం వద్దు, వెడల్పు నోరుండి రెక్కలతో తోసేది కావాలి. ఒక పెద్దది వద్దు, రెండు చిన్నవి ఎదురెదురు గోడలకు కావాలి. రెండు ప్రవాహాలు మధ్యలో కొట్టుకుని, విరిగి, రాళ్ళ సందుల్లోకి దారి వెతుక్కుంటాయి. పెట్టిన తర్వాత ఆవిడ చిటికెడు చేపల మేత నీళ్ళలో వదిలి, ఆ పొడి ఎక్కడెక్కడికి పోతుందో కుర్చీలోంచి చూసేవారు. ముందు భాగంలో అది గిరగిరా తిరుగుతుంటే నేను సంబరపడేవాణ్ణి.

"ముందర ఆడేది అందరికీ కనపడతాది. వెనక నిలిచేది చూడు. కుళ్ళేది అక్కడే" అనేవారు. రాతి వెనక పొడి పేరుకుంటే పంపును వేలెడు పక్కకు తిప్పి, మళ్ళీ మొదటినుంచి చూసేవారు. ఆ వేలెడు జరపడానికి మేమిద్దరం ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నామో చెప్పలేను. నా భార్య, "పంపు చూడబోయినావా, పెళ్ళి సంబంధం చూడబోయినావా?" అని వేళాకోళం చేసేది.

వేడి ఇంకో గొడవ. నీళ్ళలో మునిగి తిరిగే పంపు తన వేడంతా నీళ్ళకే ఇస్తుంది. చిత్రి నెల ఎండల్లో మా ఊరి వేడి చాలక ఇదొకటా అని, తక్కువ కరెంటుతో చల్లగా తిరిగేవాటికి మారాం. రెక్కల్లో మెత్తని జీవాలు చిక్కుకోకుండా ఆవిడ మా ఊళ్ళో నేసే బ్యాండేజి గుడ్డను పంపు మూతికి చుట్టారు. దానికి నాచు పట్టి నీళ్ళు ఆడక పంపు మూలిగింది. "దీనికి దెబ్బేమీ తగల్లేదు టీచర్, కట్టెందుకు కట్టినారు?" అన్నాను. ఆ రోజు అరవంలో తిట్టారు.

చివరగా ఎంచుకున్నది బ్యాటరీతో తిరిగే చిన్న పంపు. కరెంటు పోతే తనంతట తానే మేలుకుని, మెల్లగా తిరుగుతుంది. తొట్టిలో నీళ్ళు నిలిచిపోతే పైనున్న గాలి లోపలికి దిగదు, ఉన్నది కాస్తా అయిపోతే అందులోనివన్నీ ఊపిరాడక పోతాయి. "ఆకలికి ఓర్చుకుంటాయప్పా. నీళ్ళు నిలిస్తే ఓర్చుకోవు" అన్నారు. ఆ రోజే ఇంకో మాట కూడా అన్నారు. "నేను పోతే వీటిని నువ్వే ఎత్తుకొని పో. తమ్ముడు మంచోడే, వాడికి ఇది చేతకాదు. ఊరివాళ్ళు ఊరితో సహా బతకాల." సరే అన్నాను. తొట్టి పట్టేంత చోటు మా ఇంట్లో ఎక్కడుందో కొలిచి కూడా చూసుకున్నాను. ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే.

నాకు ఆవిడ ఏమిటో చెప్పడం కష్టం. అంగడిలో పొద్దస్తమానం బేరాలు, వారంటీ తగాదాలు. ఇంట్లో అందరికీ నా మీద ప్రేమే, కానీ నేనేం అనుకుంటున్నానో అడిగే తీరిక ఎవరికీ లేదు. ఆ హాల్లో మాత్రం, నీళ్ళను చూస్తూ, "నువ్వేమంటావు?" అని అడిగేవారు. నేను చెప్పింది తప్పయితే ఎందుకు తప్పో చెప్పేవారు. ఒప్పయితే ఏమీ అనకుండా పంపును నేను చెప్పినవైపు తిప్పేవారు. బతుకులో నాకు దొరికిన గౌరవం అదే.

ఆ రోజు నేను చోళపురం నుంచి చేరేసరికి సాయంత్రమైంది, వీధిలో పందిరి వేసేశారు. హాల్లో టీచర్ ఐసు పెట్టెలో ఉన్నారు. చెన్నై నుంచి రావలసినవాళ్ళు మర్నాడు పొద్దున గానీ చేరరని పెట్టె తెప్పించారు. ఈ కాలంలో అందరికీ ఇంతే కదా. అద్దం మూతకు ఆవిరి పట్టి మొహం సగమే కనబడుతోంది. మాల వేసి, దండం పెట్టి, తలెత్తాను. పెట్టె వెనకే తొట్టి ఉంది. నీళ్ళు కదలడం లేదు.

ఆ హాల్లో పెద్ద ప్లగ్గు పట్టే పాయింటు ఒకటే. తొట్టి కోసం నేనే పెట్టించాను. పంపులు, నీళ్ళు చల్లబరిచే మిషను, అన్నీ కలిపి దానికే ఉండేవి. పెట్టె తెచ్చినవాడు పాయింటు ఎక్కడని అడిగాడట. తమ్ముడు ఏడుస్తూనే వంగి, తొట్టి ప్లగ్గు పీకి, అక్క పెట్టెకు కరెంటు ఇచ్చాడట. అక్క చెడిపోకుండా ఉండాలి. ఆ క్షణంలో అంతకన్నా ఎవరికైనా ఏం తోస్తుంది? నాకైనా తోచేది కాదేమో.

"చిన్నది ఒకటి మధ్యాన్నం దాకా తిరగతానే ఉండింది. అందుకే మాకు ఏమీ తెలీలేదు" అని మరదలు తర్వాత చెప్పింది. అది బ్యాటరీ పంపు. తన శక్తి ఉన్నంతవరకు అది తన పని చేసింది.

అంగడికి పరుగెత్తి పొడుగాటి వైరు తెచ్చాను. ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య నుంచి వంటింటి పాయింటుకు లాగుతుంటే, తళవాయిపురం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు గద్దించారు.

"ఏమప్పా, పీనుగు ఉండే ఇంట్లో మీను తొట్టికి వైరు లాగతా ఉండావా? నీకు మతి ఉండాదా?"

వైరు గుచ్చాను. పంపులు తిరిగాయి. అప్పటికే నీళ్ళు వెచ్చబడ్డాయి. చేపలు ఇసక మీద పక్కకు ఒరిగి ఉన్నాయి. పగడపు జీవాలు రాళ్ళ మీదినుంచి వడలిపోయి, జిగురు కారుస్తూ వేలాడుతున్నాయి. ఒకటి రెండు ఇంకా కొంచెం తెరుచుకునే ఉన్నాయి. వాటి కోసమే పంపును వేలెడు అటు, వేలెడు ఇటు తిప్పి చూశాను. కానీ కదిలే నీళ్ళు మంచినీ తిప్పుతాయి, చెడునూ తిప్పుతాయి. మేమిద్దరం అంత ఓపికగా ఎంచిన పంపులే, చచ్చినవాటి కుళ్ళును బతికున్నవాటి మీదికి తోశాయి. ఒక్క మూల కూడా వదలకుండా తోశాయి. తెల్లారేసరికి తొట్టి మజ్జిగలా ఉంది.

మర్నాడు టీచర్‌ను తీసుకుపోయి దహనం చేసి వచ్చాం. చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉండకూడదు. ఆడవాళ్ళు బిందెలు, బకెట్లు అన్నీ పారబోసి ఇల్లు కడిగారు. తొట్టి నీళ్ళు కూడా తీసేయమన్నారు, వాసన వస్తోంది. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. ఉప్పు నీళ్ళు, చెట్టుకు పోస్తే చెట్టు చస్తుంది. అందుకని బకెట్లతో తోడి, గడప ముందు వీధిలోనే పోశాను.

పోస్తుంటే పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆమెను విడిచి ఉండలేకపోయినాయి, పావం. నోరులేని వాటికి ఉండే ప్రేమ మనుషులకు ఉండాదా?" అంది. ఇంకొకరు తల ఊపారు. పందిరి కింద అందరూ అదే మాట పట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రేమ కాదమ్మా, ప్లగ్గు! ఊపిరాడక చచ్చాయి. ఆవిడ బతికుంటే మొట్టమొదట ఈ మాట అన్నవాళ్ళనే ఫ్యాను ముందు కూర్చోబెట్టి ఉండేవారు. ఇందులోంచి నేను ఏ నీతీ తీయలేను, ఏ ఓదార్పూ తెచ్చుకోలేను. ఆవిడ పోయారు, ఆవిడ అప్పగించిన ఊరు పోయింది. రెండూ ఉత్తి పుణ్యానికి పోయాయి.

తమ్ముడు బయటికి వచ్చాడు. గుండు తల, తడి పంచె. ఖాళీ తొట్టి వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"అట్లేనా అప్పా? అక్కతోనే పోయినాయా?"

ప్లగ్గు పీకిన చెయ్యి పంచె చెంగును పిసుకుతోంది. నేను బకెట్ కింద పెట్టాను.

"ఔనన్నా. అక్కతోనే పోయినాయి" అన్నాను.

ఆయన తల ఊపి, కాస్త నెమ్మదించినట్టు, లోపలికి పోయాడు. తెలుగు మాట్లాడని ఇల్లు మా వీధిలో లేదు గానీ, చదవడం వచ్చినవాళ్ళు అరుదు. నాకు ఈ అక్షరాలు టీచర్ నేర్పారు, తొట్టి ముందు కూర్చోబెట్టి, ఇంత వయసొచ్చాక. తమ్ముడికి కూడా నేర్పబోతే, నాకెందుకక్కా అని లేచిపోయేవాడు. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నది అందుకే. ఆయన దీన్ని చదవలేడు. చదవగలిగిన ఆవిడ లేరు.

ఆ ఇంటి ముందు ఇప్పుడు ముగ్గు వెయ్యరు. నేను పోసిన నీళ్ళు ఎండకు ఆరిపోయి, గడప నుంచి వీధి మధ్య వరకు ఉప్పు తెల్లగా చారలు కట్టింది. వీధిన పోయే ఆవు ఒకటి వచ్చి, తల వంచి, ఆ చారలను నాకుతూ చాలాసేపు నిలబడింది. నేను తోలలేదు.