పెద్దమ్మాయి బెరుకు

మామయ్యగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. డెయిరీ ఫారం చూడటానికి వచ్చినవాళ్లకు ఆవులను చూపించరు, వచ్చినవాళ్లనే ఆవులకు చూపిస్తారు. పేరేమిటో, ఏం చేస్తుంటారో, ఇంట్లో ఎవరెవరున్నారో కొట్టం వాకిట్లో కట్టేసిన ముసలావుకు వినబడేలా చెప్పుకుంటే గానీ ఎవరినీ లోపల అడుగు పెట్టనివ్వరు. ఆ ఆవును ఆయన పెద్దమ్మాయి అంటారు.

“మా పెద్దమ్మాయికి కొత్తవాళ్లంటే బెరుకండి,” అంటారు, తప్పు తనదే అయినట్టు.

ఆ బెరుకు కోడలి కంట ఏనాడూ పడలేదు. పిడుగులు పడుతున్నా నెమరు ఆపని ఆవు అది. ఒకసారి వెనక్కి వస్తున్న పాల లారీకి అడ్డంగా నిలబడితే లారీయే ఆగాల్సి వచ్చింది. ఒక పెద్దమనిషి తన ఉద్యోగం ఎంత గొప్పదో వివరంగా చెప్పుకుంటుంటే ఆయన టోపీ నమిలేసింది. కంగారులో ఏం చేస్తోందో దానికే తెలియడం లేదు పాపం, అన్నారు మామయ్యగారు.

కొత్తవాళ్లతో ఆగినా బాగుండేది. పశువుల డాక్టరు కళ్లజోడు మారిస్తే మళ్లీ మొదటినుంచీ పరిచయమే. లారీ డ్రైవరు మీసం తీయించుకుని వచ్చిన రోజున, పాల క్యాన్లు ఎక్కించకముందే అతన్ని ఆవు ముందు నిలబెట్టి, మనవాడేనమ్మా, మీసం ఒక్కటే పోయింది అని సర్దిచెప్పారు.

ఫారానికి జనాన్ని రప్పించాలన్న ఆలోచన కోడలిది. పాలు ప్యాకెట్లో పుడతాయనుకునే పిల్లలకు గడ్డి కోయడం దగ్గర్నుంచి పాలు చల్లబరిచే ట్యాంకు దాకా దగ్గరుండి చూపిస్తుంది. ఆ రోజు ఊళ్లోకెల్లా పెద్ద స్కూలు నుంచి హెడ్మాస్టరమ్మ ఒక బస్సు పిల్లలతో వస్తోంది. ఆవిడకు నచ్చితే ఏడాది పొడవునా బస్సులే. నచ్చకపోతే, పిల్లల కోసం ముచ్చటపడి కట్టించిన గది గడ్డిమోపుల పాలు.

“మామయ్యా, ఈ ఒక్కరోజుకి పరిచయాలు వద్దు. నా పరువు మీ చేతుల్లో ఉంది,” అంది కోడలు.

ఆయన బుద్ధిగా తలూపారు.

బస్సు వచ్చింది. పిల్లలు బిలబిలమంటూ దిగారు గానీ హెడ్మాస్టరమ్మ దిగలేదు. కిటికీలోంచి చూస్తానంది. కోడలు పాలు పితికే యంత్రం గురించి ఎంత చెప్పినా ఆవిడ చూపు మాత్రం పెద్దమ్మాయి కొమ్ముల మీదే ఉంది. చివరికి, ఈ చోటు పిల్లలకు అనుకూలంగా లేదేమో అని గొణిగింది.

మామయ్యగారు బస్సు మెట్ల దగ్గరికి వెళ్లారు. కోడలు కళ్లతోనే వద్దంది.

“మీరు దిగలేదని మా పెద్దమ్మాయి బెంబేలెత్తిపోతోందండి. దానికి కొత్తవాళ్లంటే బెరుకు. కాస్త మీ పేరు చెబితే కుదుటపడుతుంది.”

“అదా? భయపడుతోందా?”

“వణికిపోతోందండి.”

పెద్దమ్మాయి తీరిగ్గా నెమరేస్తోంది. హెడ్మాస్టరమ్మ ఒక మెట్టు దిగి పేరు చెప్పింది. ఇంకో మెట్టు దిగి తాను లెక్కలు చెబుతానంది. కాసేపటికి ఆవు మెడ నిమురుతూ, భయపడకు, నేనున్నానుగా అని ఓదార్చడం మొదలుపెట్టింది. ఆవు తన చేతిరుమాలు నమిలేస్తే, పాపం ఎంత కంగారుపడిందో అని జాలిపడింది. వచ్చే వారం ఇంకో బస్సు పంపుతానని చెప్పి మరీ వెళ్లింది.

కోడలికి ప్రాణం లేచొచ్చింది. క్యాన్లు కడుగుతున్న అత్తగారి పక్కన కూలబడి, మామయ్యకు ఈ పిచ్చి అసలు ఎప్పుడు పట్టుకుందని అడిగింది.

“నువ్వు కాపురానికొచ్చిన రోజునే. అంతకుముందు మా ఆవులకి బెరుకెక్కడిది?” అంది అత్తగారు.

కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. అప్పట్లో తనకు ఆవులంటే హడలు. ఆ మాట ఆవుల మీద బతికే ఇంట్లో చెప్పలేక వాకిట్లోనే నిలబడిపోయింది. అప్పుడు మామయ్యగారు వచ్చి, మా పెద్దమ్మాయికి కొత్తవాళ్లంటే బెరుకమ్మా, నువ్వే ధైర్యం చెప్పాలి అన్నారు. ఆవుకు ధైర్యం చెప్పి దాని బెరుకు పోగొట్టిన మనిషిని నేనని ఆమె ఇన్నేళ్లూ గర్వంగా తిరిగింది. ఇప్పుడా గర్వమంతా మామయ్యగారి వైపు మళ్లింది.

మర్నాడు పొద్దున్నే కోడలు ఎవరూ ఆపకుండానే కొట్టం వాకిట్లో ఆగింది.

“పెద్దమ్మాయీ, నేను ఈయన కోడల్ని,” అంది తలెత్తుకుని.

లోపల గడ్డి వేస్తున్న మామయ్యగారు వెనక్కి తిరగలేదు.

“కాస్త మెల్లగా చెప్పమ్మా,” అన్నారు. “అది అసలే బెదురుతుంది.”