కుడిచెంప

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున అందరికంటే ముందు వినిపించేది మా నాయిన గడ్డం గీసుకునే చప్పుడు. ఎండుగడ్డి మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు ఉండేది. నేను పడుకునే వినేదాన్ని.

షామీర్‌పేటలో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది మా ఇల్లు. నాయిన మందుల కంపెనీ బస్సు నడిపేవాడు. మేడ్చల్‌లో పనివాళ్ళను ఎక్కించుకుని తుర్కపల్లి వైపు ఫ్యాక్టరీలో దింపాలి. ఎంత పొద్దున్నే బయల్దేరాలన్నా గడ్డం గీసుకోనిదే ఖాకీ చొక్కా తొడిగేవాడు కాదు. అరుగు మీద పీట వేసుకుని, కిటికీ ఊచకు చిన్న అద్దం తగిలించి, గిన్నెలో వేడినీళ్ళు పెట్టుకుని, బ్రష్షుతో చెంపలనిండా నురగ పట్టించేవాడు. నీలం కాగితంలో వచ్చే బ్లేడు తప్ప ఇంకొకటి వాడేవాడు కాదు. అది చాలా పదునైన బ్లేడు. దాని కాగితం విప్పేటప్పుడు నేను దగ్గరికి పోతే "దూరం జరుగు బిడ్డా" అనేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు బస్సు దిగుతూ నాయిన కింద పడిపోయాడు. పక్షవాతం అన్నారు. పట్నంలో పెద్దాసుపత్రిలో ఉంచి ఇంటికి తెచ్చేసరికి ఆయన మాకు తెలిసిన మనిషిలా లేడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ముఖం కుడి సగం కిందికి జారినట్టయింది. మాట ముద్దగా వచ్చేది. కొన్ని మాటలు ఆయన నోటి దాకా వచ్చి ఆగిపోతే, అమ్మ, నేను వాటిని ఊహించుకోవాల్సి వచ్చేది. అద్దం తీసెయ్యమని ఎడమ చేత్తో సైగ చేశాడు. అమ్మ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది.

గడ్డం పెరిగిపోయింది. నెరిసిన వెంట్రుకలు కూడా అందులో కలవడంతో రోజురోజుకూ ముసలివాడిలా కనిపించసాగాడు. బస్టాండు దగ్గరి సెలూన్ అతన్ని అమ్మ పిలిపిస్తే, నాయిన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పరాయి మనిషి ఆ జారిన ముఖాన్ని అంత దగ్గరగా చూడటం ఆయనకు ఇష్టం లేదు. తర్వాత అమ్మే రేజరు పట్టుకుంది. చెంప దాకా తీసుకెళ్ళి, కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. "నాతోని గాదు బిడ్డా," అంది నాతో, కొంగు కళ్ళకు అద్దుకుంటూ.

కంపెనీలో తోటి డ్రైవర్లు చూడటానికి వస్తామని కబురు పెట్టారు. నాయిన వద్దన్నాడు. మళ్ళీ కబురు వచ్చింది. మళ్ళీ వద్దన్నాడు. వాళ్ళు ఒక ఆదివారం ఏదైతే అదవుతుందని వస్తున్నారని తెలిసినప్పుడు, ఆయన ఎడమ చెయ్యి పదేపదే ఆ గడ్డం మీదికి పోవడం నేను చూశాను. అప్పుడే అనుకున్నాను, నేనే నేర్చుకోవాలని. ఆడపిల్ల గడ్డం గీయడమేంటని నాకప్పుడు తోచనే లేదు.

పక్కింటి చాచా నాయినకు చిన్ననాటి దోస్తు. ఊరి బయట వాళ్ళకు ద్రాక్షతోట ఉండేది. చాచా గడ్డం పెంచినా, చెంపలూ మెడా తానే నున్నగా గీసుకునేవాడు. తానే వచ్చి నాయినకు గీద్దామనుకున్నాడు గానీ, తన ముఖమంటే అలవాటు మీద గీసుకోవచ్చు, ఇంకొకరి ముఖానికి ఆయన దగ్గరి చూపు ఆనడం లేదు. నేను వెళ్ళి అడిగితే నవ్వలేదు, వద్దనలేదు. ద్రాక్షతోటలోని మంచం మీద కూర్చోబెట్టి, ముందు బ్లేడు లేని రేజరు నా చేతికిచ్చాడు. నా ముంజేతి మీద నురగ రాసి దాన్ని తియ్యమన్నాడు. నురగ మొత్తం ఎక్కడా చర్మం కదలకుండా వచ్చేదాకా తీయించాడు. "నొక్కకు బేటా. రేజర్ బరువు రేజర్‌కే ఉంటది. నువ్వు జర పట్టుకుంటే సాలు, అదే పోతది," అన్నాడు.

తర్వాత బ్లేడు వేసి, తన చెంప నా ముందుకు పెట్టాడు. నేను వెనక్కి జరిగాను. ఆయన కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. ఎండ ద్రాక్ష ఆకుల మధ్య నుంచి ఆయన మెడ మీద పడుతోంది. అంత పెద్దమనిషి తన మెడను ఒక చిన్నపిల్ల చేతికి అప్పగించి కదలకుండా కూర్చోవడం, అది ఎంత పెద్ద విషయమో ఆ రోజు నాకు పూర్తిగా తెలియదు. గీస్తున్నంతసేపూ నా చెయ్యి మాత్రం తడబడలేదు.

బ్లేడ్ల సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఒకరికి సరిపడింది ఇంకొకరికి సరిపడదట. మరీ పదునైనది కొత్త చేతిలో కోస్తుందట. మొద్దుది లాగుతుంది, లాగితే మనం నొక్కుతాం, నొక్కితే అదీ కోస్తుంది. "ఏది మంచిదో నన్ను అడగకు. మీ నాయిన మొఖాన్ని అడుగు," అన్నాడు.

కిరాణా కొట్టులో బ్లేడ్లు విడిగా ఇచ్చేవారు. నీలం కాగితంది ఇంట్లో ఉంది. ఎర్ర కాగితంది, ఆకుపచ్చ కాగితంది, వట్టి తెల్ల మైనం కాగితంలో చుట్టింది కూడా తెచ్చాను. నేనే గీస్తానని ఇంట్లో చెప్తే నాయిన చాలాసేపు నా వైపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో నీలం కాగితాన్ని నా వైపు తోశాడు. తన బ్లేడే కావాలన్నమాట.

ముందు వెచ్చటి తువ్వాలు చెంపల మీద ఉంచాను. గడ్డం మెత్తబడాలని చాచా చెప్పాడు. నురగ పట్టించాను. నాయిన ఒకప్పుడు పట్టించుకున్నట్టే బ్రష్షు గుండ్రంగా తిప్పుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెంప మీద మొదలుపెట్టాను. నాయిన ఎడమ చెయ్యి నా మణికట్టు మీద ఉంది. బాగుంటే ఊరకే ఉండేది. మంటపెడితే వేళ్ళు బిగిసేవి. నీలం బ్లేడుకు రెండో గీతకే బిగిశాయి. నేను ఆపాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, ఇంకోసారి గీయమన్నాడు, మళ్ళీ బిగిశాయి. ఇన్నేళ్ళు ఆయన చేతిలో వెన్నలా నడిచిన బ్లేడు నా చేతిలో నడవలేదు. ఆయన ఆ కాగితాన్ని చూసి నిట్టూర్చాడు. అది బ్లేడు గురించి మాత్రమే కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

తెల్ల కాగితంది లాగింది. ఎర్రది కొంచెం నయం. ఆకుపచ్చది వేసినప్పుడు మణికట్టు మీద ఆయన వేళ్ళు వదులుగా, నిద్రపోయినట్టు ఉండిపోయాయి. దొరికింది అనుకున్నాను. ఎడమ వైపంతా శుభ్రంగా తీసి, ఆ సంతోషంలో అదే ఊపున కుడి వైపుకు వెళ్ళాను. ఆయన వేళ్ళు అలాగే వదులుగా ఉన్నాయి. ఎంత బాగా నడుస్తోంది అనుకుంటూ దవడ దాకా వచ్చేశాను. అప్పుడు చూశాను, తెల్లటి నురగ గులాబీ రంగులోకి మారుతోంది.

రేజరు పక్కన పడేసి ఏడ్చేశాను. నాయినకు ఎందుకు ఏడుస్తున్నానో కూడా తెలియలేదు. నా వేళ్ళకంటిన రక్తం చూశాక తెలిసింది. కుడి వైపు చర్మం వదులై మడతపడుతోంది. దాన్ని లాగిపట్టకుండా నేను బ్లేడు నడిపాను. అక్కడ ఆయనకు నొప్పి తెలియదు. తెలియని చోట ఆయన వేళ్ళు నాకేం చెప్తాయి?

అమ్మ పటిక ముక్కతో పరుగెత్తుకొచ్చింది. నాయిన ఆమెను ఆగమన్నాడు. నా చెయ్యి పట్టుకుని ముందు తన ఎడమ చెంప మీద, తర్వాత కుడి చెంప మీద ఉంచాడు. ఎడమది నా చేతి కింద కదిలింది. కుడిది కదల్లేదు. ఆయన మాటలు కూడగట్టుకుంటూ అన్నది నాకు ఇప్పటికీ అదే ముద్దమాటలో వినిపిస్తుంది.

"గిటు... నేను జెప్త. గటు... నువ్వే జూడాలె."

కాసేపటికి నేను మళ్ళీ రేజరు పట్టుకున్నాను. కుడి చెంపను ముందు వేళ్ళతో తడిమాను. వెంట్రుక ఎటు తిరిగి ఉందో, ఎక్కడ ముడత ఉందో చూసుకున్నాను. బొటనవేలితో చర్మాన్ని బిగువుగా పట్టి, కొంచెం కొంచెంగా, ఊపిరి బిగబట్టి గీశాను. ఎడమ చెంపకు పట్టిన దానికంటే ఎంతో ఎక్కువసేపు పట్టింది. నాయిన విసుక్కోలేదు.

ఆదివారం డ్రైవర్లు వచ్చేసరికి ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దవడ మీద చిన్న గాటు ఉంది. వాళ్ళలో పెద్దాయన నాయిన ముఖం చూసి, "ఏందన్నా, పెండ్లికొడుకు లెక్కున్నవ్," అన్నాడు. నాయిన నవ్వాడు. ఆ నవ్వు సగం ముఖానికే వచ్చింది, కానీ ఆయన ఎవరి నుంచీ దాచుకోలేదు. ఎడమ చేత్తో నన్ను చూపించి, "నా బిడ్డ" అన్నాడు. ఆ రెండు మాటలు మాత్రం ముద్దగా రాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పని నాదే. గడ్డం గీసేటప్పుడే ఆయన ఎక్కువ మాట్లాడేవాడు. మేడ్చల్ రైల్వే గేటు పడితే బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడేవారో, వర్షాకాలంలో చెరువు కట్ట మీద బస్సు నడపడం ఎట్లా ఉండేదో చెప్పేవాడు. బయటివాళ్ళకు ఆ మాటలు అర్థమయ్యేవి కావు, నాకు ఒక్కటీ పోయేది కాదు. పెళ్ళై దూలపల్లి వెళ్ళాక కూడా వారం వారం వచ్చి గీసేదాన్ని. అప్పటికి చాచా వాళ్ళ తోట ప్లాట్లయిపోయింది. ద్రాక్ష పందిళ్ళు ఉన్నచోట సరిహద్దు రాళ్ళు నిలబడ్డాయి.

నాయిన పోయిన రోజు పొద్దున, చివరి స్నానానికి ముందు గడ్డం గీయడానికి ఎవరినైనా పిలవమన్నారు పెద్దవాళ్ళు. నేను చేస్తానన్నాను. ఆడపిల్ల వద్దని ఎవరో అన్నారు. కళ్ళు దాదాపు కనిపించని చాచా గోడ పట్టుకుని లేచి, "ఆ పోరినే చెయ్యనియ్యుండ్రి. వాని మొఖం దానికే ఎర్క," అన్నాడు. పెద్దవాళ్ళు పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.

అలవాటు కొద్దీ ఎడమ చెంప దగ్గర మొదలుపెట్టాను. నా మణికట్టు మీద చెయ్యి లేదు. ఆ రోజు ఆయన ముఖమంతా కుడిచెంపే అయిపోయింది. నేను తడిమి చూసుకుంటూ, చర్మం బిగువుగా పట్టుకుంటూ, ఎవరు తొందరపెట్టినా వినకుండా గీశాను. ఎక్కడా తెగలేదు.

ఇప్పుడు నా తల కూడా నెరిసింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నొప్పి ఉంటే చెప్పే మనిషి కాదు ఆమె. ఎలా ఉందని అడిగితే "బాగనే ఉన్న" అంటుంది. ఒకప్పుడైతే ఆ మాట విని నా పనిలో నేను పడిపోయేదాన్నేమో. ఇప్పుడు ఆ మాట వినగానే పొయ్యి కట్టేసి, వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటాను. ఏమీ అడగను. పాదాలు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా ఒత్తుతాను. చాలాసేపటికి, కిటికీ వైపు చూస్తూ, తనే చెప్తుంది, రాత్రంతా మోకాలు నొచ్చిందని.